ఆరో కోర్టు లెక్క: స్టాన్‌ఫర్డ్ కోచ్ లేలే ఫరూద్ పది టైటిళ్ల మీద కేస్ స్టడీ

2012లో అమెరికా కాలేజీ మహిళల టెన్నిస్ సింగిల్స్ ఫైనల్‌లో నెట్‌కి రెండు వైపులా ఉన్నది స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలే. నికోల్ గిబ్స్ గెలిచింది, మాలరీ బర్డెట్ ఓడింది. వాళ్లిద్దరూ జోడీగా ఆడి డబుల్స్ టైటిల్ కూడా పట్టుకుపోయారు. దేశంలోని ఇద్దరు మేటి క్రీడాకారిణులూ ఒకే బెంచీ మీద ఉన్నారు. అయినా ఆ ఏడాది టీమ్ ఫైనల్‌లో స్టాన్‌ఫర్డ్ లేదు. ఫ్లోరిడా, యూసీఎల్ఏ ఆడాయి, ఫ్లోరిడా గెలిచింది.

ఆ వేసవిలో బర్డెట్ యూఎస్ ఓపెన్‌లో మూడో రౌండ్ దాకా వెళ్లి, కాలేజీ టెన్నిస్‌లో ఇంకో ఏడాది మిగిలి ఉండగానే ప్రొఫెషనల్ అయిపోయింది. 2013 మేకి వచ్చేసరికి స్టాన్‌ఫర్డ్‌కి దక్కింది 12వ సీడ్ (సీజన్ ఫలితాల్ని బట్టి పోటీకి ముందే జట్లకిచ్చే వరస సంఖ్య). ఆ 12వ సీడ్ జట్టే ఇల్లినాయ్ రాష్ట్రంలోని అర్బానాలో జరిగిన ఫైనల్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీని 4-3తో ఓడించి చాంపియన్ అయింది.

కోచింగ్‌లో ఉన్నవాళ్లకి ఈ రెండేళ్లను పక్కపక్కన పెట్టి చూడటం కంటే మంచి పాఠం దొరకదు. రెండు జట్లకీ కోచ్ ఒక్కరే, లేలే ఫరూద్. ఇద్దరు మేటి ప్లేయర్లున్న ఏడాది రాని టైటిల్, ఒకరు వెళ్లిపోయాక వచ్చింది. దీన్ని అదృష్టం ఖాతాలో వేసేద్దామంటే 2010, 2016, 2018 అడ్డొస్తాయి. 2010లో 8వ సీడ్, 2016లో 15, 2018లో మళ్లీ 15. ఆ మూడుసార్లూ టైటిల్ స్టాన్‌ఫర్డ్‌దే, ఫైనల్ స్కోరు మూడుసార్లూ 4-3.

కెరీర్ క్లుప్తంగా

ఫరూద్ 1970లలో స్టాన్‌ఫర్డ్‌కే ఆడారు, తర్వాత ప్రొఫెషనల్ సర్క్యూట్‌లో తిరిగారు, ఆపైన అదే యూనివర్సిటీకి అసిస్టెంట్ కోచ్‌గా వచ్చి ఫ్రాంక్ బ్రెనన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు. బ్రెనన్ 1980 నుంచి 2000 దాకా హెడ్ కోచ్. మహిళలకి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) చాంపియన్‌షిప్ మొదలైందే 1982లో, ఆ మొదటి కప్పు ఆయనదే. 1986 నుంచి 1991 దాకా వరసగా ఆరు. మొత్తం పది. ఇలాంటి కుర్చీలో కూర్చోవడం ఎవరికైనా ఇబ్బందే. గెలిస్తే ఆయన పెట్టిన భిక్ష అంటారు, ఓడితే ఈవిడ పోగొట్టింది అంటారు.

ఫరూద్ హెడ్ కోచ్‌గా తొలి సీజన్ 2001లోనే టైటిల్ గెలిచారు. తర్వాత 2002, 2004, 2005, 2006, 2010, 2013, 2016, 2018, 2019. ఆవిడవీ సరిగ్గా పదే. 2001 నుంచి 2019 వరకు పదమూడు ఫైనల్స్ ఆడి మూడే ఓడారు (2003, 2011, 2017). మూడూ ఒక్క ఫ్లోరిడా చేతిలోనే కావడం విశేషం.

ఈ పదింటినీ ఒకే గాటన కట్టకూడదు. 2006 వరకు వచ్చిన అయిదు ఫైనల్స్ 4-0, 4-1 లాంటి ఏకపక్షపు గెలుపులు. 2004, 2005, 2006 సీజన్లలో జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ పరంపర 89 వరస గెలుపుల దాకా సాగింది. అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌కి బలమే వేరు. 2007 తర్వాత ఆ తేడా పోయింది. యూరప్ నుంచి, ఆసియా నుంచి మంచి ర్యాంకులున్న అమ్మాయిలు నేరుగా అమెరికా కాలేజీలకి రావడం పెరిగింది, పది పన్నెండు జట్లు దాదాపు సమానమయ్యాయి. ఆ తర్వాతి అయిదు టైటిళ్లలో 2019 ఒక్కటే (ఆర్లాండోలో జార్జియా మీద 4-0) సులువుగా వచ్చింది. మిగతా నాలుగూ చివరి కోర్టులో తేలినవే. అందుకే ఈ కేస్‌లో మనం తవ్వాల్సింది రెండో సగాన్ని.

ఏడు పాయింట్ల ఆట

కాలేజీ టెన్నిస్ చూడనివాళ్లకి రెండు మాటలు. ఒక జట్టు మ్యాచ్‌లో ఏడు పాయింట్లుంటాయి. ముందు మూడు డబుల్స్ మ్యాచ్‌లు ఒకేసారి జరుగుతాయి. వాటిలో రెండు గెలిచిన జట్టుకి మొత్తం కలిపి ఒక్క పాయింట్. తర్వాత ఆరు సింగిల్స్, ఆరు కోర్టుల్లో ఒకేసారి, ఒక్కో గెలుపుకి ఒక్కో పాయింట్. జట్టులో అందరికంటే బలమైన అమ్మాయి ఒకటో కోర్టులో, తర్వాతివాళ్లు వరసగా ఆరో కోర్టు దాకా ఆడతారు. ఎవరికి ముందు నాలుగొస్తే వాళ్లు గెలిచినట్టు. చాంపియన్‌షిప్‌లో నాలుగో పాయింట్ పడగానే మిగతా కోర్టుల్లో ఆట ఆపేస్తారు. స్కోరుబోర్డు మీద 4-0, 4-1 కనిపించేది అందుకే.

ఒకటో కోర్టులో గెలిచినా ఒక పాయింటే, ఆరో కోర్టులో గెలిచినా ఒక పాయింటే. అందరికీ తెలిసిన విషయమే ఇది. కానీ అమ్మాయిల్ని చేర్చుకునేటప్పుడు, ప్రాక్టీసులో కోచ్ సమయం పంచేటప్పుడు దీన్ని నిజంగా పాటించే కోచ్‌లు తక్కువ.

కొంచెం లెక్క వేద్దాం. ఏడు పాయింట్లలోనూ మన అవకాశం 50 శాతం అనుకుంటే మ్యాచ్ గెలిచే అవకాశమూ 50 శాతమే. ఇప్పుడు ఒక్క కోర్టులో దాన్ని 50 నుంచి 60కి పెంచామనుకోండి, మ్యాచ్ అవకాశం సుమారు 3 శాతం పెరుగుతుంది. ఆ కోర్టు ఒకటోదైనా, ఆరోదైనా అంతే. ఒకటో కోర్టులో 90 శాతం గెలిచే స్టార్‌ని తెచ్చుకుంటే జట్టు అవకాశం 50 నుంచి 62కి చేరుతుంది. స్టార్ లేకుండా, కింది మూడు కోర్టుల్ని తలా 15 శాతం మెరుగుపరిచినా ఇంచుమించు అక్కడికే వస్తాం.

రెండూ సమానమే అయితే తేడా ఏమిటంటే, ఖర్చులోనూ ప్రమాదంలోనూ. 90 శాతం గెలిచే అమ్మాయి అప్పటికే సగం ప్రొఫెషనల్. ఆమె ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. లారా గ్రాన్‌విల్ 2000, 2001లో వరసగా సింగిల్స్ టైటిళ్లు గెలిచి రెండేళ్లకే వెళ్లింది. బర్డెట్ అలాగే వెళ్లింది, 2013 తర్వాత గిబ్స్ కూడా. ఆ వెళ్లడంలో తప్పేం లేదు, వాళ్ల స్థాయికి అదే సరైన దారి. అయితే జట్టు మొత్తాన్ని ఆ ఒక్క మేకుకి తగిలిస్తే ఆమెతోపాటు సీజనూ పోతుంది. అదే అయిదో నంబర్ అమ్మాయిని 50 నుంచి 65కి తేవడం ఒక ఏడాది పని. ఆమె నాలుగేళ్లూ ఉంటుంది.

ఇంకో మెట్టు ముందుకెళ్దాం. పై మూడు కోర్టుల్లో మనం కాస్త తక్కువ, 45 శాతం. కింది మూడింట్లో 65. డబుల్స్ సరిసమానం. ఈ జట్టు మ్యాచ్ గెలిచే అవకాశం 59 శాతం. పేపర్లో పేర్లు చూసినవాళ్లంతా అవతలి జట్టే ఫేవరెట్ అంటారు, అసలు ఫేవరెట్ మనమే. ఇందులో డబుల్స్ పాయింట్ దక్కితే ఆ 59 కాస్తా 75 అవుతుంది, చేజారితే 44కి పడుతుంది. ముప్పావుగంటలో ముగిసే ఆట మీద 31 శాతం తేడా!

2003లో స్టాన్‌ఫర్డ్ అమ్మాయి ఆంబర్ లియూ సింగిల్స్ చాంపియన్, జట్టేమో ఫైనల్‌లో ఫ్లోరిడాకి 4-3తో ఓడింది. 2012 సంగతి పైన చెప్పుకున్నాం. పైకోర్టు బలం కప్పుకి హామీ కాదనడానికి స్టాన్‌ఫర్డ్ చరిత్రలోనే రెండు సాక్ష్యాలున్నాయి.

సీడ్ ఎందుకు అబద్ధం చెబుతుంది

లైనప్ విషయంలో కాలేజీ టెన్నిస్‌కి ఒక కఠినమైన నియమం ఉంది: బలాన్ని బట్టే వరస. బలహీనురాలిని ఒకటో కోర్టుకి బలి పెట్టి, అసలైన ఒకటో నంబర్‌ని మూడులోకి దించి సులువుగా పాయింట్ కొట్టేస్తామంటే కుదరదు. ఎవరైనా ఆడలేకపోతే ఆమె కిందివాళ్లంతా ఒక్కో మెట్టు పైకి జరగాలి.

దీని పర్యవసానం చాలామంది పూర్తిగా ఊహించరు. ఒకటో నంబర్ అమ్మాయికి మడమ బెణికింది. పోయింది ఒక్క కోర్టే అనిపిస్తుంది. నిజానికి అయిదుగురు ఒక్కో మెట్టు ఎక్కి తమకంటే గట్టి ప్రత్యర్థుల్ని ఎదుర్కొంటారు, ఆరో కోర్టులోకి బెంచీ మీది అమ్మాయి వస్తుంది. ఒక్కో కోర్టులో 50 కాస్తా 42కి తగ్గిందనుకున్నా, డబుల్స్ చెక్కుచెదరలేదనుకున్నా, మ్యాచ్ అవకాశం 50 నుంచి 35కి పడిపోతుంది.

దీన్నే తిరగేసి చూడండి. ఏప్రిల్‌లో ఆమె తిరిగొచ్చింది. ఒక్క అమ్మాయి రాకతో ఆరు కోర్టులూ ఒకేసారి మెరుగవుతాయి. పైగా రెండు నెలలు పైమెట్టు మీద దెబ్బలు తిన్న అమ్మాయిలు ఇప్పుడు ఒక మెట్టు కింద ఆడతారు. వాళ్ల చేతికి ఆ వేగం అలవాటైపోయింది.

ర్యాంకింగ్ కంప్యూటర్‌కి ఇవేవీ తెలియవు. ఎవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు అనేదే దాని లెక్క. ఫిబ్రవరిలో సగం జట్టుతో ఓడిన మ్యాచ్ మే దాకా మెడకి వేలాడుతూనే ఉంటుంది. అందుకే 15వ సీడ్ అంటే పదిహేనో బలమైన జట్టని కాదు, సీజన్ మొత్తం మీద పదిహేనో మంచి ఫలితాలని. మేలో ఆడే ఆరుగురు ఎంత బలంగా ఉన్నారన్నది వేరే ప్రశ్న.

సీడ్ తక్కువైతే ఇబ్బంది లేదని కాదు. 64 జట్ల నాకౌట్ డ్రాలో కప్పుకి ఆరు గెలుపులు కావాలి. మొదటి 16 సీడ్‌లకి తొలి రెండు రౌండ్లు సొంత మైదానంలో ఉంటాయి. ఆ గీత దాటకుండా 15లో నిలవడం స్టాన్‌ఫర్డ్‌కి 2016లోనూ 2018లోనూ కలిసొచ్చింది. అయితే 15వ సీడ్‌కి మూడో రౌండ్‌లోనే 2వ సీడ్ ఎదురుపడేలా డ్రా ఉంటుంది. 2018లో విన్‌స్టన్-సేలంలో జరిగిన ఫైనల్‌లో అవతల ఉన్నది నంబర్ వన్ వాండర్‌బిల్ట్. ఆ 4-3లో చివరి పాయింట్ మెలిస్సా లార్డ్‌ది. 2016లో టల్సాలో ఒక్లహోమా స్టేట్ మీద ఆ పాయింట్ టేలర్ డేవిడ్‌సన్ తెచ్చింది. 2013లో క్రిస్టీ ఆన్. ప్రతిసారీ వేరే అమ్మాయి. గెలిపించే అమ్మాయి ఎవరో ముందే రాసిపెట్టి ఉన్న జట్టుకి ఇలా జరగదు.

మే నెల కోసం జనవరి నుంచి

స్టాన్‌ఫర్డ్‌కి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అక్కడ సెమిస్టర్లు కాదు, క్వార్టర్లు. జనవరిలో మొదలైన వింటర్ క్వార్టర్ మార్చి మధ్యలో పరీక్షలతో ముగుస్తుంది, అంటే సరిగ్గా సీజన్ నడిమధ్యలో. స్ప్రింగ్ క్వార్టర్ జూన్ దాకా సాగుతుంది. సెమిస్టర్ కాలేజీల అమ్మాయిలు పరీక్షలు ముగించుకుని మే పోటీలకి ఊపిరి పీల్చుకుని వస్తే, స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు హోటల్ గదిలో అసైన్‌మెంట్లు రాసుకుంటూ సెమీఫైనల్ ఆడతారు. కోచ్ షెడ్యూల్ వేసేటప్పుడు ముందు యూనివర్సిటీ క్యాలెండర్ పక్కన పెట్టుకోవాలి, ఆ తర్వాతే ప్రత్యర్థుల జాబితా. ఇది చిన్న గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ మార్చిలో నిద్రలేని రెండు వారాలు ఏప్రిల్‌లో భుజం నొప్పిగా బయటపడతాయి.

గంటల పరిమితి కూడా తెలిసి ఉండాలి. సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించకూడదు. వారంలో ఒక రోజు పూర్తి సెలవు. మ్యాచ్ రోజు ఎంతసేపు ఆడినా 3 గంటలుగానే లెక్క. సీజన్ బయట వారానికి 8 గంటలే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఆడించే అకాడమీలకి ఇది నవ్వులాటగా అనిపించొచ్చు. కానీ వారంలో రెండు మ్యాచ్‌లుంటే 6 గంటలు పోయి 14 మిగులుతాయి. సెలవు రోజు తీసేస్తే నాలుగు రోజులు, రోజుకి మూడున్నర గంటలు. అందులో వెయిట్స్, వార్మప్‌కి గంటో గంటుంపావో పోతే కోర్టు మీద రెండుంపావు, రెండున్నర. ఎనిమిది మంది అమ్మాయిలు, ఆరు కోర్టులు, హెడ్ కోచ్, ఒకరిద్దరు అసిస్టెంట్లు. ఆ రెండున్నర గంటల్లో హెడ్ కోచ్ నిలబడేది ఏ కోర్టు పక్కన అన్నదాన్ని బట్టే జట్టు రూపం మారుతుంది.

మామూలుగా జరిగే పొరపాటు ఇది: కోచ్ పొద్దస్తమానం ఒకటో నంబర్ దగ్గరే ఉంటాడు. ఆమె ఆట చూడముచ్చటగా ఉంటుంది, చెప్పింది వెంటనే పడుతుంది. అయిదో నంబర్ అమ్మాయి అసిస్టెంట్‌తో బుట్టెడు బంతులు కొట్టి వెళ్లిపోతుంది. ఆమెకుండే లోపం చాలావరకు ఒక్కటే, సెకండ్ సర్వ్ (మొదటి సర్వ్ తప్పాక వేసేది). కింది కోర్టుల్లో మ్యాచ్‌లు ఓడేది ఫోర్‌హాండ్ లేక కాదు, సెకండ్ సర్వ్ సర్వీస్ బాక్సు మధ్యలోనే పడి, అవతలి అమ్మాయి లోపలికి అడుగేసి కొట్టేయడం వల్ల.

దానికి చేయాల్సింది కూడా పెద్దదేం కాదు. సర్వీస్ బాక్సుని అడ్డంగా రెండు సగాలు చేసి టేపు వేయండి. అరవై సెకండ్ సర్వ్‌లు, ఇరవై చొప్పున మూడు విడతలు: వెడల్పుకి, ఒంటి మీదకి, మధ్య గీతకి. నెట్ దాటి వెనక సగంలో పడితేనే లెక్క. మొదట్లో అరవైకి పాతిక పడితే గొప్ప. నలభై అయిదు దాటేవరకు సర్వ్ వేగం గురించి మాటే ఎత్తకూడదు. విడతల మధ్య ఒక షటిల్ రన్ పెట్టాలి, ఎందుకంటే మూడో సెట్‌లో ఆ సర్వ్ వేసేది ఆయాసంతోనే. సర్వ్‌కి బంతిని పైకి వేసే టాస్ తలకి ఎడమవైపు కాస్త వెనక్కి రాకుండా ముందుకి పోతుంటే (కుడిచేతి వాటం అమ్మాయికి) బంతికి తిప్పుడు రాదు, ఎంత కొట్టినా నెట్‌లోకే పోతుంది. ఆ ఒక్కటీ సరిచేస్తే సగం పని అయిపోతుంది. వారానికి మూడు రోజులు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. జనవరిలో మొదలుపెడితే మార్చి పరీక్షల్లోపు తేడా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో మొదలుపెడితే మే మ్యాచ్‌లో అమ్మాయి పాత సర్వ్, కొత్త సర్వ్ రెండూ మర్చిపోయి డబుల్ ఫాల్ట్‌లు చేస్తుంది.

డబుల్స్ వేరే ఆట

ఒకప్పుడు కాలేజీ డబుల్స్ ఎనిమిది గేమ్‌ల సెట్. 2010ల మధ్యలో దాన్ని ఆరు గేమ్‌ల ఒక్క సెట్‌కి కుదించారు. 40-40 దగ్గర అడ్వాంటేజ్ తీసేసి ఒకే పాయింట్‌తో గేమ్ తేల్చే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. 6-4తో ముగిసే సెట్‌లో ఒక్కో అమ్మాయి సర్వ్ చేసేది రెండు గేమ్‌లు, మహా అయితే మూడు. ఒక్క సర్వీస్ పోతే తిరిగి తెచ్చుకోవడానికి సమయం ఉండదు. పాత పద్ధతిలో మొదటి మూడు గేమ్‌లు నెమ్మదిగా కుదురుకునే జోడీలు కొత్త పద్ధతిలో కుదురుకునేలోపే 1-4లో ఉంటాయి.

అందుకే డబుల్స్‌కి ముందు వార్మప్ అసలు మ్యాచ్ అంత వేడిగా ఉండాలి. కోర్టులోకి వెళ్లేముందే పది నిమిషాలు పూర్తి వేగంతో పాయింట్లు ఆడించాలి. ప్రాక్టీసులో 40-40 పాయింట్లు రోజుకి పన్నెండు, మొదటి ఆరు సర్వ్ చేస్తూ, మిగతా ఆరు రిటర్న్ చేస్తూ. ఆ పాయింట్‌లో ఏ వైపు నుంచి రిటర్న్ చేయాలో తేల్చేది రిటర్న్ చేసే జోడీయే, కాబట్టి ఆ పని ఎవరిదో ముందే ఖాయం చేసుకుని ఉండాలి. మ్యాచ్ నడుమ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం చూస్తే కోచ్ పని చేయలేదని అర్థం. సర్వ్ చేసే జోడీ బంతి వేసేముందే ఎక్కడికి, నెట్ దగ్గరున్న అమ్మాయి దాటుతుందా ఉంటుందా అన్నది చెప్పుకోవాలి. రిటర్న్‌కి ఒకటే సూత్రం: నెట్ వైపు వచ్చే అమ్మాయి కాళ్ల దగ్గర. గట్టిగా కొట్టిన రిటర్న్ అందంగా ఉంటుంది కానీ నడుము ఎత్తున వెళ్తే వాలీకి తిండి పెట్టినట్టే.

జోడీలు కట్టేటప్పుడు ఒకటో సింగిల్స్, రెండో సింగిల్స్ అమ్మాయిల్ని కలిపేయాలన్న ఆశ అందరికీ ఉంటుంది. గిబ్స్, బర్డెట్‌లా జాతీయ టైటిల్ కూడా రావచ్చు. కానీ జట్టుకి కావాల్సింది మూడింట్లో రెండు. ఇద్దరు బలమైనవాళ్లని విడదీసి రెండు గట్టి జోడీలు చేయడమా, ఒక్కటి తిరుగులేనిది చేసి మిగతా రెండింట్లో ఒకటి దొరుకుతుందని ఆశపడటమా అన్నది ప్రతి ఏటా కొత్తగా వేసుకోవాల్సిన లెక్క. దీనికి స్థిరమైన జవాబు లేదు. ఫిబ్రవరి అంతా మార్చిమార్చి ఆడించి, మార్చి చివరికి ఖాయం చేసి ఇక ముట్టుకోకపోవడమే పద్ధతి.

ఆరు కోర్టులు, రెండు మూడు జతల కళ్లు

కాలేజీ టెన్నిస్‌లో కోచ్ కోర్టు మీదే ఉండొచ్చు, పాయింట్ల మధ్య, వైపులు మారేటప్పుడు మాట్లాడొచ్చు. ఆరు మ్యాచ్‌లు ఒకేసారి జరుగుతుంటే ఎక్కడ నిలబడాలన్నదే నిర్ణయం. 5-1తో గెలుస్తున్న కోర్టూ, 1-5తో ఓడుతున్న కోర్టూ వదిలేయాలి. 3-3లో ఉన్నదానికి వెళ్లాలి. చెప్పడం తేలిక. 1-5లో ఉన్న అమ్మాయి దిక్కులు చూస్తుంటే మనసు అటే లాగుతుంది.

2011 ఫైనల్ ఈ విషయంలో చేదు ఉదాహరణ. పోటీ స్టాన్‌ఫర్డ్ సొంత టాబ్ స్టేడియంలోనే జరిగింది. 1999 ఫిబ్రవరి తర్వాత సొంతగడ్డ మీద జట్టు ఓడనే లేదు, 184 గెలుపులు వరసగా. ఆ పరంపర మొదలైంది బ్రెనన్ హయాంలో, పెద్ద భాగం ఫరూద్ హయాంలోది. స్కోరు 3-3. మిగిలిన ఒక్క కోర్టులో మాలరీ బర్డెట్ మూడో సెట్ 4-0తో ముందుంది. అవతల ఫ్లోరిడా అమ్మాయి లారెన్ ఎంబ్రీ. అక్కడి నుంచి ఎంబ్రీ తిరగబడి సెట్ గెలిచింది, కప్పు ఫ్లోరిడాకి, 184 అక్కడే ఆగింది.

నాలుగు గేమ్‌ల ఆధిక్యం ఎలా పోతుందో మ్యాచ్‌లు చూసేవాళ్లకి తెలుసు. ముందున్న అమ్మాయి గెలిపించిన ఆటని వదిలి కాపాడుకునే ఆటకి మారుతుంది, లేదా త్వరగా ముగించాలని గీతల మీదకి కొడుతుంది. మిగతా కోర్టులు ఆగిపోయి, రెండు జట్లూ అందరూ ఒకే కోర్టు చుట్టూ చేరినప్పుడు ఈ మార్పు ఇంకా త్వరగా వస్తుంది. దీన్ని మాటలతో బాగుచేయలేం, ప్రాక్టీసులో ఆ స్థితిని సృష్టించాలి. మూడో సెట్ 4-0 నుంచి మొదలు, వెనకబడ్డ అమ్మాయి గెలిస్తే ముందున్నామె జట్టు సామాన్లు మోయాలి. కోర్టు చుట్టూ మిగతా అమ్మాయిలంతా నిలబడి అరవాలి. నెలకి రెండుసార్లు చాలు. ఆ 2011 తర్వాత స్టాన్‌ఫర్డ్ ఆడిన 4-3 ఫైనల్స్ మూడు, మూడూ గెలిచింది.

మన అమ్మాయిలకి ఇందులో ఏముంది

తెలుగువాళ్లకి ఈ దారి కొత్తేం కాదు. సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడి వచ్చి, 2024లో దేశంలో మహిళల సింగిల్స్ నంబర్ వన్ అయింది. శామ్ హ్యూస్టన్ ఏమీ స్టాన్‌ఫర్డ్ కాదు. ఆ సంగతి తల్లిదండ్రులు గమనించాలి. పెద్ద పేరున్న చోట బెంచీ మీద కూర్చోవడం కంటే చిన్నచోట నాలుగేళ్లూ ఆరుగురిలో ఆడటం మేలు కావచ్చు.

చాలా ఏళ్ల పాటు మహిళల టెన్నిస్ జట్టుకి ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్‌లుండేవి. పురుషులకి నాలుగున్నర మాత్రమే, వాటినే ముక్కలు చేసి పంచేవారు. అందుకే మన అమ్మాయిలకి పూర్తి స్కాలర్‌షిప్ దొరకడం అబ్బాయిలకంటే తేలికగా ఉండేది. 2025-26 నుంచి పెద్ద కాలేజీ జట్లలో లెక్క మారింది. స్కాలర్‌షిప్ సంఖ్య మీద పరిమితి పోయి జట్టులో మనుషుల సంఖ్య మీద పరిమితి వచ్చింది, టెన్నిస్‌కి పది మంది. స్కాలర్‌షిప్ ఎంతమందికి ఎంత ఇవ్వాలన్నది ఇప్పుడు కాలేజీ బడ్జెట్ చేతిలో ఉంది. కాబట్టి ఆఫర్ లెటర్‌లో ట్యూషన్, హాస్టల్, భోజనం, పుస్తకాలు విడివిడిగా రాసి ఉన్నాయా, ఒక్క ఏడాదికా నాలుగేళ్లకా, గాయమైతే కొనసాగుతుందా అన్నవి చదువుకునే సంతకం పెట్టాలి.

కోచ్‌తో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు మనవాళ్లు సాధారణంగా అడిగేది జట్టు ర్యాంకెంత అని. దాని బదులు గత ఏడాది అయిదు, ఆరు కోర్టుల్లో ఎవరు ఆడారు, వాళ్లు చేరినప్పుడు ఎక్కడున్నారు, ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. ఆ కోచ్ అయిదో నంబర్ అమ్మాయి గురించి ఆగకుండా అయిదు నిమిషాలు చెప్పగలిగితే, మీ అమ్మాయి అక్కడ ఏ కోర్టులో మొదలైనా ఫర్వాలేదు. ఒకటో నంబర్ పేరు తప్ప ఇంకేం చెప్పలేకపోతే ఆ కాల్ మర్యాదగా ముగించి, జాబితాలో తర్వాతి కాలేజీకి ఫోన్ చేయండి.